రాతిలో పన్ను చెప్పిన తిమింగలం కథ

నాగలికి రాయి తగిలితే తీసి గట్టు మీద పడేస్తాం. బావి తవ్వేటప్పుడు వింత రాయి బయటపడితే పిల్లలు నాలుగు రోజులు ఆడుకుని ఎక్కడో పారేస్తారు. కాని ముప్పయ్యేళ్లకు పైగా పగలగొట్టకుండా మిగిలిపోయిన కొన్ని రాళ్లు, తిమింగలాల పూర్వీకుల ఆచూకీ చూపించాయంటే నమ్మగలరా? ఇది మన దేశంలో జరిగిన సంగతే.

జమ్మూ ప్రాంతంలోని రాజౌరీ జిల్లాలో కాలాకోట్ అనే ఊరుంది. ఎ.రంగారావు అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు అక్కడి కొండల్లో తిరిగి రాళ్లు సేకరించారు. వాటిలో కొన్ని పళ్లు, దవడ ముక్కలు కనిపించాయి. అవి చిన్న గిట్టల జంతువువని గుర్తించి, 1971లో దానికి ‘ఇండోహ్యుస్’ అని పేరు పెట్టారు. అప్పట్లో దాన్ని తిమింగలంతో ఎవరూ ముడిపెట్టలేదు. మిగిలిన రాళ్లన్నీ పగలగొట్టి చూడకముందే ఆయన కన్నుమూశారు.

ఆవిడ పారేయలేదు

రాళ్ల కుప్పే కదా అని వదిలించుకుంటే అడిగేవారు లేరు. కాని రంగారావుగారి భార్య వాటిని పారేయలేదు. తర్వాత ఆ రాళ్లను అమెరికాలో తిమింగలాల పుట్టుక మీద పరిశోధన చేస్తున్న థెవిస్సెన్ అనే ప్రొఫెసరుకు అప్పగించారు.

ఆయన ప్రయోగశాలలో రాళ్లను శుభ్రం చేస్తుండగా ఒక పుర్రె పొరపాటున విరిగింది. విరిగిన చోట చెవి ఎముక కనిపించింది. దాని లోపలి గోడ బాగా మందంగా ఉంది. అటువంటి చెవి ఎముక తిమింగలాల జాతికే ప్రత్యేకమని అంతవరకూ అనుకునేవారు. గిట్టల జంతువుకు తిమింగలం చెవి! పొరపాటే మేలు చేసింది. రూర్కీ ఐఐటీకి చెందిన సునీల్ బాజ్‌పాయ్ తదితరులతో కలిసి థెవిస్సెన్ ఈ వివరాలను 2007 డిసెంబరులో ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు.

పన్ను పలికిన సాక్ష్యం

ఇండోహ్యుస్ దాదాపు 4 కోట్ల 80 లక్షల సంవత్సరాల నాటిది. పిల్లికంటే కాస్త పెద్దది. చూడటానికి చిన్న జింకలా ఉండేది. అది నీళ్లలో తిరిగేదని ఎలా తెలిసింది? దాని కాలి ఎముకలు నీటిగుర్రం ఎముకల మాదిరి మందంగా, బరువుగా ఉన్నాయి. నీటి అడుగున తేలిపోకుండా నడవడానికి ఆ బరువు పనికొస్తుంది. రెండో సాక్షి పన్ను. జంతువు తాగిన నీరు, తిన్న మేత దాని పంటి పింగాణీలో గుర్తు వదులుతాయి. పింగాణీలోని ఆక్సిజన్‌ను పరీక్షించి, ఈ జంతువు ఎక్కువ కాలం నీళ్లలోనే గడిపిందని శాస్త్రజ్ఞులు తేల్చారు.

మన నల్లమల అడవుల్లో ఉండే మూషిక జింకకు ఆఫ్రికాలో ఒక చుట్టం ఉంది. ఆపద వస్తే అది నీళ్లలో దూకి మునిగి దాక్కుంటుంది. ఇండోహ్యుస్ కూడా అలాగే బతికి ఉంటుందని అంచనా. తిమింగలాలు ఇటువంటి గిట్టల జంతువుల వంశంలోనివే. ఇప్పుడు బతికున్న జంతువుల్లో వాటికి దగ్గరి చుట్టం నీటిగుర్రం!

గుజరాత్‌లోని కచ్ ప్రాంతం ఒకప్పుడు సముద్రం. అక్కడి హరూడీ పరిసరాల్లో తొలినాటి తిమింగలాల ఎముకలు, పళ్లు దొరికాయి. 1970 దశకంలో అశోక్ సాహ్ని, వి.పి.మిశ్రా వాటి మీద పరిశోధన చేశారు. నేటి పళ్ల తిమింగలాలకు పళ్లన్నీ మేకుల్లా ఒకే తీరుగా ఉంటాయి. ఆనాటి వాటికి మనలాగే ముందు పళ్లు, కోరలు, దవడ పళ్లు వేరువేరుగా ఉండేవి. అందుకే ఒక్క పన్ను దొరికినా శాస్త్రజ్ఞుడికి అంత విలువ. ఒంట్లో అన్నిటికంటే గట్టిది పంటి పింగాణీ. ఎముక చివికిపోయినా పన్ను మిగులుతుంది.

మన నస్కల్ పేరు

మన వికారాబాద్ జిల్లాలో తిమింగలం దొరుకుతుందా అని అడగవచ్చు. ఇక్కడి నల్లరాతి పొరలు తిమింగలాలు పుట్టకముందువి. అయితే మనకు అంతకంటే పాత పళ్లున్నాయి. నస్కల్ గ్రామం దగ్గర లావా పొరల నడుమ చిక్కుకున్న పాత చెరువు మట్టిలో, దాదాపు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల నాటి చిన్న పాలిచ్చే జంతువు పళ్లు దొరికాయి. చుంచును పోలిన ఆ జంతువుకు ‘దక్కనోలెస్టెస్’ అని పేరు. జి.వి.ఆర్.ప్రసాద్, అశోక్ సాహ్ని 1988లో ఈ సంగతిని అదే ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు. క్రెటేషియస్ యుగం నాటి పాలిచ్చే జంతువు ఆనవాలు దేశంలో దొరకడం అదే మొదలు.

ఆ పళ్లు ఆవగింజకు కాస్త అటూ ఇటూ ఉంటాయి. ఇంత చిన్నవి ఏరే పద్ధతి మన ఆడవాళ్లకు కొత్తేమీ కాదు. మట్టిని నీళ్లలో నానబెట్టి, సన్నటి జల్లెడలో కడిగి, మిగిలింది ఆరబెట్టి భూతద్దం కింద ఒక్కొక్క గింజా ఏరుతారు. బస్తాల కొద్దీ మట్టి కడిగితే నాలుగు పళ్లు దొరికినా పండగే.

దొరికితే ఏం చేయాలి?

పన్ను అయితే పైభాగం నున్నగా మెరుస్తుంది. వేరు భాగానికి ఆ మెరుపు ఉండదు. అటువంటిది కనిపిస్తే రాతి నుంచి ఊడదీయవద్దు. పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫొటో తీయండి. ఏ పొలంలో, ఎంత లోతులో, ఏ రంగు మట్టిలో దొరికిందో కాగితం మీద రాసి పెట్టండి. చోటు తెలియని పన్నుకు వయసు చెప్పలేరు. వయసు తెలియకపోతే దాని విలువ సగానికి సగం పోయినట్లే. ఊరి బడిలో సైన్సు మాస్టారికి చూపించి, హైదరాబాదు బండ్లగూడలోని భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ కార్యాలయానికి తెలియజేయవచ్చు.

రంగారావుగారు తెచ్చిన రాళ్లలో ఏముందో ఆయనకే పూర్తిగా తెలియకుండా పోయింది. ఇంట్లోవాళ్లు దాచబట్టి లోకానికి తెలిసింది. ఈసారి నాగలికి వింత రాయి తగిలితే, గట్టు మీదికి విసిరే ముందు ఒక్కసారి కడిగి చూడండి.