జావాస్క్రిప్టు అన్వేషణసూత్రములు - ఫ్లాగుల ఆవశ్యకత

జావాస్క్రిప్టునందు పాఠమున పదరూపములను వెదకు సూత్రమునకు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అని పేరు. సూత్రాంతమున చేర్చు ఏకాక్షరములే ఫ్లాగులు. 'జి' చేర్చినచో ప్రయోగము లన్నియు లభించును. 'ఐ' ఆంగ్లమునందలి పెద్దక్షర చిన్నక్షర భేదమును పాటింపదు. తెలుగున నట్టి భేదము లేదు గనుక మన కది నిష్ప్రయోజనము.

మనకు ముఖ్యమైనది 2015లో ప్రమాణమున చేరిన 'యు'. తెలుగు లిపి నంతయు నొక్క పేరుతో నిర్దేశించు సౌకర్యము 2018లో ఏర్పడినది. అది 'యు' గాని, 2024 ప్రమాణమునందలి 'వి' గాని యున్నప్పుడే పనిచేయును. 'వి' నెరుగని పాత బ్రౌజరు దోషమని తెలిపి నిలిచిపోవును. అందు ప్రమాదము లేదు. రెండు ఫ్లాగులును విడిచినచో దోషము కానరాదు. యంత్రము లిపినిర్దేశమును వట్టి అక్షరములుగా నెంచి, వానినే వెదకి, శూన్యఫలము నిచ్చును. బహులిపి పాఠమున తెలుగు లేదని పరిశోధకుడు భ్రమించును.

కావున, లేదని నిర్ణయించుటకు ముందు, ఉన్నదని యెరిగిన పదముపై సూత్రమును పరీక్షింపవలెను.