పైథాన్ ఏ ఫోల్డర్‌లో ఉన్నది? హోమ్‌బ్రూ స్థాపనల స్థాన నిర్ధారణ

పాత తెలుగు ముద్రణల్లో కనిపించే నకారపొల్లు (ౝ) 2021లో వెలువడిన యూనికోడ్ 14.0లో గాని ప్రమాణంలోకి చేరలేదు. పైథాన్ 3.10లోని అక్షర పట్టిక యూనికోడ్ 13.0ను, పైథాన్ 3.11లోనిది 14.0ను అనుసరిస్తాయి. కనుక ఒకే పాఠాన్ని ఒకే ప్రోగ్రాముతో పరిశీలించినా మొదటిది నకారపొల్లును అక్షరంగా గుర్తించదు, రెండవది గుర్తిస్తుంది. అక్షర గణనపై ఆధారపడే పరిశోధనలో ఈ భేదం నేరుగా ఫలితాల పట్టికలోకి చేరుతుంది. అందువల్ల ఫలితాన్నిచ్చిన పైథాన్ ఏది, అది ఎక్కడ ఉన్నది అన్న విచారణను సాంకేతిక నిపుణులకే వదిలివేయడం సరికాదు.

ఒకే మాక్ కంప్యూటర్‌లో ఆపిల్ పరికరాలతో వచ్చిన పైథాన్, హోమ్‌బ్రూ ద్వారా తెచ్చుకొన్న పైథాన్ పక్కపక్కనే ఉండవచ్చు. మాక్స్ హోవెల్ 2009లో ప్రారంభించిన హోమ్‌బ్రూ ఒక ప్యాకేజీ మేనేజర్. ఇంట్లో బీరు కాచుకోవడమన్న పోలికనుండి దాని పరిభాష పుట్టింది; సరుకు నిలవ ఉంచే ఫోల్డర్ పేరు కూడా ‘సెల్లార్’ కావడం అందుకే. ఇంటెల్ చిప్ గల యంత్రాల్లో ఈ సెల్లార్ ‘/యూఎస్ఆర్/లోకల్’ కింద, ఆపిల్ సొంత చిప్ గలవాటిలో ‘/ఆప్ట్/హోమ్‌బ్రూ’ కింద ఉంటుంది. పాత సూచనల్లోని దారి కొత్త యంత్రంలో పనిచేయకపోవడానికి తరచుగా ఇదే కారణం.

సెల్లార్‌లో ప్రతి ప్యాకేజీకి ఒక ఫోల్డర్, దానిలో ప్రతి వెర్షన్‌కు మరొక ఫోల్డర్ ఉంటాయి. అయితే టెర్మినల్ అక్కడ వెదకదు. ‘పాత్’ అనే వరుసలోని ఫోల్డర్లను ఒక్కొక్కటిగా చూసి, మొదట దొరికినదాన్ని నడుపుతుంది. ‘విచ్ పైథాన్3’ ఆదేశం చూపేది ఆ మొదటిదాన్నే. హోమ్‌బ్రూ విషయంలో అది అసలు ప్రోగ్రాము కాదు, సెల్లార్‌వైపు చూపే లింకు మాత్రమే. ‘విచ్ -ఏ పైథాన్3’ అంటే వరుసలో ఉన్నవన్నీ బయటపడతాయి.

‘బ్రూ --ప్రిఫిక్స్’ ఆదేశానికి ప్యాకేజీ పేరు జోడిస్తే ఒక దారి వస్తుంది. చాలామంది దీనినే స్థాపనకు రుజువుగా స్వీకరిస్తారు. కాని ఆ ప్యాకేజీ యంత్రంలో లేకపోయినా, ఉంటే ఎక్కడ ఉండేదో ఈ ఆదేశం చెబుతుంది. నిజంగా ఉన్న ఫైళ్లు కావాలంటే ‘బ్రూ లిస్ట్’ ఆదేశానికి ప్యాకేజీ పేరు ఇచ్చి చూడాలి.

వీటన్నిటికంటె నమ్మదగినది నడుస్తున్న పైథాన్ స్వయంగా ఇచ్చే సాక్ష్యం. జూపిటర్ వంటివి టెర్మినల్‌తో నిమిత్తం లేకుండా తమకు నిర్దేశించిన పైథాన్‌ను నడుపుతాయి గనుక, విశ్లేషణ జరిగిన చోటనే ‘సిస్.ఎగ్జిక్యూటబుల్’ విలువను ముద్రించడం మేలు. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో ‘సిస్.ప్రిఫిక్స్’ ఆ ఎన్విరాన్‌మెంట్ ఫోల్డర్‌ను చూపుతుంది. దానికి మూలమైన పైథాన్‌ను ‘సిస్.బేస్_ప్రిఫిక్స్’ చూపుతుంది.

వెర్షన్ సంఖ్యతో కూడిన సెల్లార్ దారిని ప్రోగ్రాములో రాయరాదు. అప్‌గ్రేడ్ తరువాత హోమ్‌బ్రూ పాత ఫోల్డర్‌ను తొలగించవచ్చు. సిద్ధాంత గ్రంథంలోని పద్ధతి వివరణకు మాత్రం ఆ సంఖ్యే అవసరం. తెలుగు పాఠాలపై పనిచేసేవారు దాని పక్కనే ‘యూనికోడ్‌డేటా.యూనిడేటా_వెర్షన్’ ఇచ్చే విలువను కూడా నమోదు చేయాలి.