తెరచాటుకు పరుగెత్తిన కుర్రవాడు

పిల్లలూ! బడి వార్షికోత్సవంలో నాటకం ఆడుతూ మాటలు మరచిపోయి, గుడ్లప్పగించి నిలబడ్డవాళ్లు మీలో ఎవరైనా ఉన్నారా? నేను హెడ్మాస్టరుగా ఉన్నన్నాళ్లూ ప్రతి ఏడూ అలాంటివాణ్ణి ఒకణ్ణయినా చూశాను. మరునాడు బడికి రావడానికి వాడికి మొహం చెల్లేది కాదు. ఈ కథ అలాంటివాళ్ల కోసమే. కల్పన కాదు సుమా, నిజంగా జరిగింది.

ఇంగ్లండును విక్టోరియా రాణి ఏలుతున్న రోజులవి. 1838లో ఒక పల్లెటూళ్లో జాన్ హెన్రీ బ్రాడ్రిబ్ అనే పిల్లవాడు పుట్టాడు. వాడికి నత్తి. చిన్నతనంలోనే లండనులో గుమాస్తాగా చేరి, కొంతకాలం మన దేశంతో వర్తకం చేసే కంపెనీలో పనిచేశాడు. మనసు మాత్రం నాటకాల మీదే. పట్టుబట్టి సాధన చేసి నత్తిని అదుపులోకి తెచ్చుకున్నాడు. తల్లి దైవభక్తురాలు, కొడుకు వేషాలు కట్టడం ఆమెకు బొత్తిగా ఇష్టం లేదు. అయినా అతడు హెన్రీ ఇర్వింగ్ అని పేరు మార్చుకుని ఇల్లు విడిచాడు.

1856లో సండర్లండు అనే రేవు పట్టణంలో రంగమెక్కాడు. కొద్దికాలానికే షేక్స్పియరు నాటకం ఒకదానిలో చిన్న వేషం దొరికింది. తీరా జనం ముందుకు రాగానే నోరు పెగలలేదు. సభ అంతా ఈసడింపు కేకలు! ఏదో రెండు ముక్కలని తెరచాటుకు పరుగెత్తాడు. కాని ఇంటిదారి మాత్రం పట్టలేదు.

ఆ కాలంలో పెద్ద ఊళ్లలోని ప్రతి నాటకశాలకూ సొంత నటబృందం ఉండేది. చూసేవాళ్లు ఆ ఊరివాళ్లే కదా! అందుచేత నాటకాలను తరచుగా మార్చవలసి వచ్చేది. పగలు ఒక వేషానికి మాటలు వల్లించడం, రాత్రి ఇంకొకటి ఆడడం. విగ్గులూ, కత్తులూ, జోళ్లూ నటుడే సమకూర్చుకోవాలి. ఒక ఊళ్లో పని ముగిస్తే, పెట్టె సర్దుకుని మరో ఊళ్లో అద్దెగది వెతుక్కోవాలి. ఇర్వింగ్ ఇలా పదేళ్లు ఊరూరా తిరిగి, 500కు పైగా వేషాలు వేశాడు.

1860లో డబ్లిన్ నగరంలో మరో పరీక్ష ఎదురైంది. జనానికి ఇష్టమైన నటుణ్ణి తీసేసి, ఆ చోట ఇర్వింగును పెట్టారు. అతడి తప్పేమీ లేదు. అయినా రాత్రి తరువాత రాత్రి, రంగం మీదికి వస్తే చాలు, కేకలే. అతడు మాత్రం చెప్పవలసిన మాటలన్నీ చెప్పే లోపలికి వెళ్లేవాడు. చూశారా, సండర్లండు కుర్రవాడు ఎంత ఎదిగాడో!

అప్పటి నాటకశాలల్లో గ్యాసు దీపాలుండేవి. ముఖ్యనటుడి మీద వెలుగు పడాలంటే 'లైమ్‌లైట్' వాడేవారు. ఆక్సిజన్, హైడ్రోజన్ వాయువులను కలిపి మండించి, ఆ మంటలో సున్నపుముద్దను కాలిస్తే అది తెల్లగా ధగధగ మెరుస్తుంది. ఆ వెలుగులో నిలబడడానికి ఇర్వింగుకు ఏళ్లు పట్టింది.

1871లో లండనులోని లైసియం నాటకశాలలో 'ది బెల్స్' నాటకం ఆడాడు. నేరాన్ని దాచుకుని అంతరాత్మ చేతిలో నలిగిపోయే హంతకుడి పాత్ర అది. దానితో ఆయన పేరు మారుమోగిపోయింది. 1878లో ఆ నాటకశాల ఆయన యాజమాన్యం కిందికే వచ్చింది. అప్పటికి రైళ్లు అన్నిచోట్లకూ వ్యాపించాయి. నటులనూ, తెరలనూ, దుస్తులనూ రైళ్లకెక్కించి ఆయన దేశమంతా తిరిగాడు. 1883 నుంచి ఓడ మీద అమెరికాకూ తీసుకువెళ్లాడు. 1895లో రాణి ఆయనకు 'సర్' బిరుదు ఇచ్చింది. నటుడికి ఆ గౌరవం దక్కడం అదే మొదలు.

1898లో అగ్నిప్రమాదం జరిగి, ఆయన నాటకాల తెరలూ, సామగ్రీ చాలావరకు బూడిదయ్యాయి. అరవయ్యో ఏట మళ్లీ పెట్టె సర్దుకున్నాడు. 1905 అక్టోబరు 13న బ్రాడ్‌ఫర్డ్ పట్టణంలో నాటకం ముగించి, బసకు చేరగానే కన్నుమూశాడు. ఆఖరి రోజున కూడా ఆయన ప్రయాణంలోనే ఉన్నాడు.

కనుక పిల్లలూ, ఎప్పుడైనా మీకు మాట తడబడితే తడబడనివ్వండి. నలుగురూ నవ్వితే నవ్వనివ్వండి. మరునాడు మాత్రం తప్పకుండా బడికి వెళ్లండి!