కోల్‌కతాలో బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్: ఏ రీలు, ఏ డెవలపర్?

రీలు స్టూడియోలో ఇచ్చి ఫొటోలు ‘కడిగించుకోవడం’ మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ కడిగే పని ఇంట్లోనే చేసుకునేవాళ్లు కోల్‌కతాలో ఇప్పటికీ ఉన్నారు. పేరున్న బోర్న్ అండ్ షెపర్డ్ స్టూడియో 2016లో మూతపడింది కానీ, ఎస్ప్లనేడ్‌లో మెట్రో సినిమా పక్క సందు నేటికీ కెమెరా దుకాణాలకు ప్రసిద్ధి. కొత్తగా ఈ సరదాలో పడ్డవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ఏ ఫిల్మ్ మంచిది, ఏ డెవలపర్ మంచిది?

ఈ ఊళ్లో దానికి జవాబు కుళాయి నీళ్లను బట్టి ఉంటుంది.

వెలుతురు తగిలిన సిల్వర్ లవణాలను నల్లటి వెండిగా మార్చేదే డెవలపర్. డబ్బా మీద రాసే సమయాలు సాధారణంగా 20 డిగ్రీల సెల్సియస్‌కు లెక్కకట్టినవి. వేసవిలో కోల్‌కతా కుళాయి నీళ్లు 30 డిగ్రీలకు తగ్గవు. వేడి పెరిగే కొద్దీ రసాయన చర్య వేగం పుంజుకుంటుంది. ఉదాహరణకు ఇల్ఫోర్డ్ హెచ్‌పీ5 ప్లస్ రీలును ఐడీ-11 డెవలపర్‌లో నీళ్లు కలపకుండా కడిగితే 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు పడుతుంది. 30 డిగ్రీల దగ్గర అది దాదాపు మూడు నిమిషాలకు పడిపోతుంది. ఐదు నిమిషాల కంటే తక్కువైతే ద్రావణం రీలంతటా సమంగా పనిచేయదు, ఆకాశంలో చారలు వస్తాయి. నా మొదటి రీలును మే నెలలో కుళాయి నీళ్లతో, 20 డిగ్రీల లెక్కన కడిగాను. నెగెటివ్‌లు బొగ్గు ముక్కల్లా వచ్చాయి.

అందుకే ఇక్కడ పలచన చేసి వాడటం మేలు. డెవలపర్‌కు సమానంగా నీళ్లు కలిపితే అదే రీలుకు 20 డిగ్రీల దగ్గర 13 నిమిషాలు, 24 దగ్గర సుమారు 9 నిమిషాలు పడుతుంది. బకెట్లో ఐసు ముక్కలు వేసి, అందులో సీసాలు నిలబెడితే 24 డిగ్రీలు సాధ్యమే. ఐసును నేరుగా ద్రావణంలో వేయకూడదు. ఫిక్సర్, చివర్లో కడిగే నీళ్లు కూడా దాదాపు అదే వేడిలో ఉండాలి. ఒక్కసారిగా తేడా వస్తే ఫిల్మ్ మీది జెలటిన్ పొర ముడతలు పడుతుంది.

ఐడీ-11కు దాదాపు కవల లాంటిది కొడాక్ డి-76. 1927లో సినిమా నెగెటివ్‌ల కోసం పుట్టిన ఫార్ములా అది. (మన తొలినాటి టాకీలు ‘సతీ సావిత్రి’, ‘లవకుశ’ 1930లలో తయారైంది ఈ ఊళ్లోనే.) ఇందులోని సోడియం సల్ఫైట్ వెండి రేణువుల అంచులను కాస్త కరిగించి నునుపు తెస్తుంది. పలచన చేస్తే ఆ నునుపు కొంచెం తగ్గి, గీత పదునెక్కుతుంది. చిక్కేమిటంటే, పొడి కలిపిన ద్రావణం నిండు సీసాలో ఆరు నెలలకు మించి ఉంచుకోలేం. 1891 నాటి రోడినాల్ మాత్రం సీసాలో ఏళ్ల తరబడి చెడదు. రెండు నెలలకో రీలు కడిగేవాళ్లకు అదే నయం. రేణువులు మాత్రం కొట్టొచ్చినట్టు కనబడతాయి.

ఇక ఫిల్మ్. ఉత్తర కోల్‌కతా ఇరుకు సందులకు, పూజా పందిళ్ల రాత్రులకు 400 వేగం లేనిదే కుదరదు. హెచ్‌పీ5 ప్లస్ గానీ, ట్రై-ఎక్స్ గానీ. హెచ్‌పీ5ను 1600గా లెక్కించి తీసినా, పలచన చేయని ఐడీ-11లో 20 డిగ్రీల దగ్గర 14 నిమిషాలు కడిగితే బొమ్మ నిలబడుతుంది. ఈ రెండు ఫిల్ముల మధ్య తేడా గురించి గంటలకొద్దీ వాదించుకుంటారు గానీ, వెలుతురు తెచ్చే తేడా ముందు అదెంత? సత్యజిత్ రాయ్ ‘అపరాజితో’ (1956) కోసం బనారస్ ఇంటి వాకిలిని స్టూడియోలో కట్టినప్పుడు, ఛాయాగ్రాహకుడు సుబ్రతా మిత్రా సెట్ పైన తెల్లటి గుడ్డ పరిచి, కింది నుంచి దీపాల వెలుగు దానిపై పడేలా చేశారు. గుడ్డ మీద నుంచి తిరిగొచ్చిన ఆ మెత్తటి వెలుతురే ఆ వాకిలికి పగటి పోలిక తెచ్చింది.

ఒకప్పుడు ఊటీలోని హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ ‘ఇందు’ పేరిట దేశీయంగా రీళ్లు తయారుచేసేది. ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు లేదు. ఇంచుమించు ప్రతి రీలూ దిగుమతిదే, అందుకే ఖరీదు. నెలకో కొత్త జోడీ ప్రయత్నిస్తే, తప్పు ఫిల్మ్‌దో మందుదో నీళ్లదో తేలేలోపే డబ్బులు అయిపోతాయి. నేనైతే హెచ్‌పీ5, సగం నీళ్లు కలిపిన డి-76 దగ్గర ఆగిపోయాను. ఏ వేడికి ఎన్ని నిమిషాలో గోడ మీద రాసి పెట్టుకున్నాను. డిసెంబరు, జనవరిలో ఐసు బకెట్‌తో పని ఉండదు. వేసవిలో తీసిన రీళ్లను కొందరు ఫ్రిజ్‌లో దాచి ఆ రెండు నెలల్లోనే కడుగుతారు. నాకు అంత ఓపిక లేదు.