మాలె విజయము - మన మైదానము

మహమ్మారి ఇంటింట తలుపులు మూయించిన కాలమున బంతియాటనుగూర్చి తలపోయుట తగునా యని పెద్దలు కొందరు ప్రశ్నించిరి. ఆ ప్రశ్న న్యాయమైనదే. అట్టి కాలముననే, 2021వ సంవత్సరము అక్టోబరు మాసమున, మాల్దీవుల రాజధానియగు మాలె నగరములో దక్షిణాసియా ఫుట్‌బాలు పోటీలు జరిగినవి. వానియందు భారతదేశము జయము గాంచినది. ఇల్లే కార్యాలయముగా మారియున్న నాటి బాచుపల్లిలో ఆటపై ప్రీతిగల యువకులు ఆ తుదియాటను చేతి ఫోనులలో చూచి సంతసించిరి. ఆ యుత్సాహము చల్లారి యేండ్లు గడచినవి. ఆ విజయము మనకేమి మిగిల్చినదో నెమ్మదిగా విచారించుటకు ఇదియే తగిన సమయమని మేము తలంచుచున్నాము.

ఈ పోటీలు మొదట 2020 సెప్టెంబరులో ఢాకాయందు జరుగవలసియుండెను. వ్యాధి వలన వాయిదాపడి, తుదకు మాలెకు చేరినవి. ఏడు దేశములు కూడవలసిన చోట ఐదే కూడినవి. భూటాను తన ప్రజల రక్షణకై విధించుకొన్న కట్టుబాట్లను సడలింపనొల్లక ఇంటనే నిలిచెను. పాకిస్తాను ఫుట్‌బాలు సంఘమును ఆ యేటి ఏప్రిలులో ప్రపంచ ఫుట్‌బాలు సమాఖ్య సస్పెండు చేసియుండుటచే ఆ దేశమునకు ప్రవేశము లేకపోయెను. భారతదేశము, బంగ్లాదేశము, నేపాళము, శ్రీలంక, మాల్దీవులు మాత్రము మిగిలినవి. ఒక్కొక్క జట్టు తక్కిన నాల్గింటితో ఆడవలెను; మొదటి రెండు స్థానములవారు తుదియాటకు రావలెను. ఇది ఏర్పాటు.

మనవారి ఆరంభము గర్వింపదగినది కాదు. అక్టోబరు 4న బంగ్లాదేశముతో ఆట 1-1గా ముగిసెను. పదుగురే మిగిలిన ప్రత్యర్థులు మనపై గోలు చేసి లెక్క సరిచేసిరి. 7న శ్రీలంకతో ఆడిన ఆటలో ఇరుపక్షములకును ఒక్క గోలైన లేదు. పత్రికలు నిందించినవి, అభిమానులు నిట్టూర్చిరి. అటుపిమ్మట జట్టు తేరుకొన్నది. 10న నేపాళముపై 1-0గను, 13న ఆతిథేయులగు మాల్దీవులవారిపై 3-1గను గెలిచినది. 16న జరిగిన తుదియాటలో మరల నేపాళమే ఎదురు నిలిచెను. విరామము వరకు గోలు లేదు. విరామానంతరము 49వ నిమిషమున నాయకుడు సునీల్ ఛేత్రీ, మరు నిమిషముననే సురేశ్ సింగ్, కట్టకడపట సహల్ అబ్దుల్ సమద్ గోలులు చేసిరి. 3-0తో ఈ బిరుదము ఎనిమిదవ మారు మన దేశమునకు దక్కినది. ఛేత్రీకి అది 80వ అంతర్జాతీయ గోలు. నాటికి అర్జెంటీనా వీరుడు మెస్సీ లెక్కయు అంతే.

ఇక పెద్దల ప్రశ్నకు వత్తుము. ఆపత్కాలమున ఆట తగునా? తగునుగాని, జాగరూకత లేని ఆట తగదు. నాలుగు మాసములు గడువకమునుపే ఇందులకు దృష్టాంతము లభించినది. 2022 జనవరిలో ఆసియా మహిళల పోటీలకు మన దేశమే ఆతిథ్యమిచ్చెను. మన జట్టులోనే వ్యాధి ప్రబలి, 23వ తేదీన చైనీస్ తైపేతో ఆడుటకు కావలసిన పదుమువ్వురు లేకపోయిరి. స్వదేశమున, సొంత మైదానమున, మన యువతులు పోటీనుండియే వైదొలగవలసివచ్చెను. అంతకుమునుపు ఇరానుతో వారాడిన ఆటయు లెక్కలోనికి రాకపోయెను. ఎంతటి శ్రమ వ్యర్థమైనదో పాఠకులే యోచింతురుగాక! భూటాను చేసిన త్యాగము అవివేకము కాదనుటకును ఇదియే సాక్ష్యము.

ఆటకును ఆరోగ్యమునకును గల సంబంధమును మన నగరము వేరొక విధముగ చూచినది. 2020లో గచ్చిబౌలి క్రీడాగ్రామమునందలి పదునాలుగంతస్తుల భవనమును ప్రభుత్వమువారు కరోనా రోగుల ఆసుపత్రిగా మార్చిరి. వ్యాధి ముంచుకొని వచ్చిన దినమున క్రీడల భవనము రోగులకు నీడయైనది. తప్పు పట్టవలసిన పని కాదు. కాని వ్యాధి రాకమునుపే దేహములను దృఢపరచు మైదానములు ఎన్ని యున్నవని ఆ దినమున మన మడుగలేదు, నేటికిని అడుగుటలేదు. మా బాధ యిదియే.

మాలె విజయమునకు నాయకుడైన ఛేత్రీ 1984లో జన్మించినది మన సికింద్రాబాదులోనే. తండ్రి సైనికోద్యోగి యగుటచే ఆయన ఇచట పుట్టెను. ఆటగాడై ఎదిగినది మాత్రము అన్యప్రాంతములందు. పుట్టినచోటు మనది, పెంచినచోటు మనది కాదు. ఈ యొక్క మాటలో హైదరాబాదు ఫుట్‌బాలు నేటి దుస్థితి యంతయు నిమిడియున్నది.

పూర్వ మిట్లుండలేదు. ఉపాధ్యాయవృత్తి నుండి వచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదు సిటీ పోలీసు జట్టును తీర్చిదిద్దెను. ఆ జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయి రోవర్స్ కప్పును గెలిచినది. ఆయన శిక్షణలోనే భారతజట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలయందు స్వర్ణము గెలిచెను. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సులో నాల్గవ స్థాన మందెను. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మరల స్వర్ణము తెచ్చెను. కాన్సరు వ్యాధిని మోయుచు ఆ జట్టును నడిపిన రహీం మరుసటి యేడు జూనులో మరణించెను. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం, పీటర్ తంగరాజ్ - వీరందరును ఈ జంటనగరముల బిడ్డలు. ఆ యాటగాండ్రు ఆకాశమునుండి ఊడిపడలేదు. వీధిచివర బయలుండెను, బయలున బంతి యుండెను, బంతివెంట గురువుండెను.

నేటి సంగతి చూడుడు. పుణె సంఘమునకు బదులుగా 2019లో మన నగరము పేర ఒక వృత్తిజట్టు వెలసినది. వ్యాధి కారణమున ఆ జట్టు రెండేండ్లపాటు తన ఆటలన్నియు గోవాలోనే ఆడెను. 2022 మార్చి 20న మార్‌గావ్‌లో, 1-1గా నిలిచిన తుదియాటలో, కేరళ జట్టును పెనాల్టీలపై 3-1తో ఓడించి బిరుదము గెలిచెను. గోలురక్షకుడు కట్టిమణి మూడు దెబ్బలను నిలువరించెను. ఊరి పేరు మోసిన జట్టు గెలిచినది. గెలిచిన యేట ఊరిలో ఒక్క ఆటయైన నాడలేదు. తుదకు 2025లో ఆ సంఘము ఢిల్లీకి తరలిపోయి పేరును మార్చుకొన్నది. అద్దెయింటివాడు ఇల్లు మారినట్లు జట్టు పోయినది. పాతుకొనుటకు నేల లేని చెట్టు ఎన్నాళ్లు నిలుచును?

నేల మాట వచ్చినది గనుక బాచుపల్లికే మరలుదము. మియాపూరు, నిజాంపేట, ప్రగతినగరుల నడుమ నిన్నటి పల్లె నేడు అంతస్తులపై అంతస్తులుగా పెరిగినది. కళాశాలలున్నవి, అంగళ్లున్నవి, వాహనములకు నేలమాళిగలున్నవి. పిల్లవాడు బంతి తన్నవలెనన్న మాత్రము వలలు కట్టిన టర్ఫులో గంటకింత యని అద్దె చెల్లింపవలెను. ఆ రుసుము ఉద్యోగి బిడ్డకు భారము కాకపోవచ్చును. ఆ మేడలు కట్టిన కూలివాని బిడ్డ మాట యేమి? రహీం ఎన్నుకొన్న ఆటగాండ్రు అద్దె చెల్లించి ఆట నేర్చినవారు కారు.

టర్ఫుల యజమానులను మేము నిందింపము. లేని వస్తువును వారు అమ్ముచున్నారు. లేకుండుటకు కారకులు పురపాలకులు, నిర్మాతలు, అడుగక యూరకుండిన మనము. ప్రణాళికలో ఆటస్థలమని చూపిన చోట ఆటస్థలమే యుండవలెను. మైదానము లేని పాఠశాలకు అనుమతి నీయరాదు. ప్రభుత్వ పాఠశాలల బయళ్లు సాయంకాలము వాడలోని బిడ్డలందరికిని తెరువబడవలెను. ఇవి గొంతెమ్మకోరికలు కావు.

2023 జులైలో బెంగళూరున మన దేశము ఈ బిరుదమును తొమ్మిదవ మారు గెలిచినది. పదవ మారును గెలువవచ్చును. ఇరుగుపొరుగు చిన్న దేశములపై గెలుపు సంతోషకరమే గాని, మన కోట్ల జనసంఖ్యకు అది కొలబద్ద కాజాలదు. బాచుపల్లిలోని కూలివాని బిడ్డ కాసైన చెల్లింపక, ఎవరి యనుమతియు వేడక, సాయంకాలము బంతి తన్నగల బయలు ఒక్కటి వెలసిన దినమున మాలె విజయము మన విజయమని నిస్సంకోచముగ చెప్పుకొందుము. అందాక అది ఫోనులో చూచిన విజయమే.