చేవపై విరిసిన పూవులు

న్యూయార్కు నగరపు మెట్రోపాలిటన్ సంగ్రహాలయమున, 1880 ప్రాంతమున హెర్టర్ సోదరుల కర్మశాలలో నిర్మితమై, లిలియన్ రసెల్ అను ప్రసిద్ధ నటి యింట నుండిన బీరువా యొకటి కలదు. చెర్రీ కఱ్ఱకు నిగనిగలాడు నలుపు పట్టించి, పైపట్టెపై పూవులను దట్టముగా పొదిగి, అచ్చటినుండి తలుపులమీదికి రేకులు గాలికి రాలుచున్నట్లు విడివిడిగా కూర్చి, తక్కిన భాగమునంతయు శూన్యముగా విడిచినారు. ఆ శూన్యమే నాకు దానియందు పరమ రమణీయముగా తోచును.

బరువైన చెక్కడములతో సందులేక నిండిన గృహోపకరణములకు అలవాటుపడిన అమెరికనులు ఈ సంయమమును జపానువలన నేర్చిరి. 1853లో అమెరికా నౌకాధిపతి పెర్రీ నౌకలు ఎడో అఖాతమున ప్రవేశించి, మరుసటి యేట సంధి కుదిరిన పిమ్మట జపాను వస్తువులు పాశ్చాత్య విపణులకు రాసాగెను. 1876 నాటి ఫిలడెల్ఫియా ప్రదర్శనమున సామాన్యజనము సైతము వానిని కన్నులార చూచిరి.

అయితే, మా కవిటినుండి ఉద్దానపు తీరము వెంబడి నైరృతికి పోగా వచ్చు విశాఖపట్నమున, దీనికి శతాబ్దము మునుపే ఇట్టి సమాగమము జరిగినదని మనవారిలో ఎందఱెరుగుదురు? పదునేడవ శతాబ్దాంతమున అచ్చట నెలకొన్న ఆంగ్ల వర్తకులు తమ దేశపు కుర్చీల, బల్లల, వ్రాతపెట్టెల ఆకృతులను చూపగా, మన పనివారు వానిని ఇరుగుడు, నల్లచేవలతో నిర్మించి, అంచులవెంట ఏనుగుదంతపు రేకులను పొదిగి, ఆ దంతముపై లతలను, పూవులను సన్నగా గీసి, గీతలలో నల్లని లక్క నింపిరి. ఆ లతలు మన అద్దకపు వస్త్రములకు బంధువులు. ఇట్టి వానియందు అంచుననే అలంకారము. నడుమ చేవయొక్క నిండుదనము! 1756లో ఆ పట్టణమును దర్శించిన కార్నీల్ అను సైనికాధికారి ఈ పొదుగుడు పనిని మెచ్చి వ్రాసెను. మద్రాసు గవర్నరు అలెగ్జాండర్ వించ్ సేకరించిన దంతపు ఆసనములను 1781లో మూడవ జార్జి రాజు తన రాణికై కొనెను.

అమెరికను రూపమునకు జపాను పూవు, ఆంగ్ల రూపమునకు ఆంధ్రుల పూవు: రెంటియందును ఆకృతి ఒకరిది, అలంకారము వేరొకరిది. కాని హెర్టరు పేరు నిలిచినది. ఆ దంతపు రేకులను గీసిన మన శిల్పుల నామములు దాదాపుగా లుప్తమైనవి. ఇది నన్ను మిక్కిలి బాధించును.

పందొమ్మిదవ శతాబ్దమున విశాఖపట్నపు పని క్రమముగా చిన్న పెట్టెలకు మరలినది. చందనపు పెట్టెలను దంతముతో, కొమ్ముతో, తాబేటి చిప్పతో ఆసాంతము కప్పసాగిరి. శూన్యస్థలముయొక్క సొగసును అమెరికా నేర్చుకొనుచున్న ఆ శతాబ్దముననే మన తీరపు పెట్టెలపై చేవ కంటికి కనబడుట మానినది.