యంత్రములోని యంత్రమునకు ముద్ర

బాగుగా పనిచేయుచున్న కంప్యూటరును "ఇది విండోస్ 11నకు తగదు" అను మాట విని అమ్మివేయుటకు పూర్వము, తలిదండ్రులును విద్యార్థులును ఆ నియమ మెట్టిదో తెలిసికొనవలయును. ఆ విండోస్ 2021 అక్టోబరు 5వ తేదీని వెలువడెను. 4 జీబీల మెమొరీ, 64 జీబీల నిల్వ, సెక్యూర్ బూట్ ఏర్పాటు, ఇటీవలి ప్రాసెసరు, టీపీఎం 2.0 అను చిప్పు ఉండవలయునని మైక్రోసాఫ్టువారు నిర్ణయించిరి. విండోస్ 10నకు సాధారణ సహాయము 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినందున, ఏలూరు మొదలు కొల్లేటి లంకల వఱకు మన యిండ్లలోని పాత యంత్రములకును ఈ ప్రశ్న వచ్చినది.

వీనిలో జనులకు బొత్తిగా తెలియనిది టీపీఎం. యంత్రము మేల్కొనునపుడు ఒక ప్రోగ్రాము తరువాత నొకటి నడచును. నడచుటకు ముందే ప్రతిదాని కొలతయు ఈ చిప్పులో నమోదగును. డిస్కును రహస్యలిపిలో నుంచినయెడల, దానిని తెఱచు తాళపుచెవికి ఈ చిప్పే ముద్ర వేయును. కొలతలు మునుపటివలె నున్నగాని ముద్ర విప్పదు. డిస్కును ఊడదీసికొనిపోయిన దొంగకు అర్థములేని అక్షరములు తప్ప మఱేమియు దొరకవు. 2016 జూలై 28వ తేదీనుండి విండోస్‌తో వచ్చు క్రొత్త నమూనాల కిది విధిగా నుండవలయునని నియమము. పలు యంత్రములందు ఇది ప్రాసెసరులోనే యుండి, సెట్టింగులలో ఆపివేయబడి యుండును. అంగడికి పోవుటకు ముందు అది చూచుకొనుడు.

ఇక వర్చువల్ మెషీను. ఇది నిన్నటి మాట గాదు. 1972లోనే ఐబీఎం కంపెనీ వీఎం/370 అను దానిని వెలువరించి, ఒక్క పెద్ద యంత్రమునే అనేకులకు వేఱువేఱు యంత్రములైనట్లు పనిచేయించెను. కొల్లేటి నెఱిగినవారికి దీనిని వివరించుట సులభము. సరస్సు గర్భమున గట్లు వేసి చేపలచెరువు కట్టినచో దాని నీటిమట్టము దానిది, దాని మేత దానిది. గట్టుమీద నిలిచినవాడు చెరువునంతయు చూడగలడు గాని, చెరువులోని చేప గట్టుకావల చూడజాలదు. గట్టు తెగెనా, అంతయు నొక్కటే నీరు. (2006లో ప్రభుత్వమువారే అభయారణ్యమును కాపాడుటకై ఇట్టి గట్లను తెగగొట్టించిరి, ఆ తగవు వేఱు.) ఇచట గట్టు హైపర్‌వైజరు అను ప్రోగ్రాము. బయటి వ్యవస్థను ఆతిథేయి యనియు, లోపలిదానిని అతిథి యనియు అందురు.

అతిథిగా విండోస్ 11 వచ్చినపుడు దానికి చిప్పేది? దానినిగూడ ప్రోగ్రామే కల్పించును. 2022 అక్టోబరులో వెలువడిన వర్చువల్‌బాక్స్ 7.0 ఇట్టి చిప్పును కల్పింపగలదు. విండోస్ దానినిచూచి తృప్తిపడి లోనికి వచ్చును. అయితే పరీక్షలో నెగ్గుట వేఱు, భద్రముగా నుండుట వేఱు. కల్పిత చిప్పుయొక్క రహస్యములు ఆతిథేయి డిస్కుమీది యొక ఫైలులో నుండును. ఆతిథేయిలో దుష్ట ప్రోగ్రాము చేరెనేని, అతిథి తెఱను, మెమొరీని, మనము నొక్కిన మీటలనుగూడ అది చూడగలదు. కావున బ్యాంకు లెక్కలకు దీనిని కోటగా భావింపరాదు.

మఱి దీని ప్రయోజన మేమి? నేర్చుకొనుటకు దీనికంటె మంచి సాధనము నే నెఱుగను. విద్యార్థి ఒక వ్యవస్థను స్థాపించి, చెడగొట్టి, స్నాప్‌షాట్‌తో క్షణములో వెనుకటి స్థితికి తేవచ్చును. ఇంటి కంప్యూటరునకు హాని లేదు. తాడేపల్లిగూడెమున 2015లో నేర్పడిన ఎన్‌ఐటీ వంటి చోట్ల చదువగోరువారికి ఈ యభ్యాసము అక్కఱకు వచ్చును. కాని 4 జీబీల మెమొరీ మాత్రమే గల యింటికి ఈ యతిథిని పిలువరాదు. అతనికే 4 జీబీలు వడ్డించినచో ఇంటివాడు పస్తుండవలయును. అట్టి యంత్రమునకు తేలికయైన లినక్సు నొకదానిని నేరుగా ఎక్కించుటయే మేలు, ఖర్చును లేదు.

వర్చువల్ మెషీనును వేఱొక కంప్యూటరునకు మార్చునపుడు డిస్కు ఫైలునొక్కదానినే తీసికొనిపోయినచో, ముద్రయున్న ఫైలు వెనుకనే నిలిచిపోవును. డిస్కునకు బిట్‌లాకరు తాళము వేసియున్నయెడల అపుడది 48 అంకెల రికవరీ కీ నడుగును. ఆ అంకెలను ఆ మెషీనులోనే దాచినవారికి వానిని చదువుటకు దారి లేదు. నోటుపుస్తకములో వ్రాసి బీరువాలో నుంచుడు.